ఫ్యూజీ పర్వతమూ, అయిదు సరస్సులూ

మా తమ్ముడు టోక్యో నగరంలో నిషికసాయి అనే పేటలో కాపురం ఉంటున్నాడు. ఆ పేటలో మన దేశంవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయంకాలం పార్కులోకి వెళితే తెలుగు మాటలు కూడా చెవిన పడతాయి. చలికాలంలో గాలి తేటగా ఉన్న రోజున వాళ్ళ మేడమీద నిలబడి పడమటగా చూస్తే, నూరు కిలోమీటర్ల అవతల, బోర్లించిన తెల్లని గిన్నెలాగా ఒక కొండ కనబడుతుందట. అదే ఫ్యూజీ. మా తమ్ముడి కూతురు రేవతికి పదకొండేళ్ళు. దానికి ఊహ తెలిసినప్పటినుంచీ ఆ కొండ ఎక్కాలని కోరిక.

2025 జులై నెలాఖరున నేను వాళ్ళను చూడబోయాను. నేను ఇంట్లో అడుగు పెట్టానో లేదో రేవతి, "పెదనాన్నా, నువ్వు వస్తే ఫ్యూజీ-సాన్ ఎక్కుదామని నాన్న మాట ఇచ్చాడు!" అన్నది.

జపానువాళ్ళు మనుషుల పేర్ల చివర "సాన్" అంటారని నాకు తెలుసు. అది మన "గారు" వంటిది. "కొండను కూడా గారూ అని పిలుస్తారన్నమాట! ఎంత మర్యాద!" అన్నాను. రేవతి పకపకా నవ్వింది. ఆ "సాన్" వేరట, ఈ "సాన్" వేరట. "కొండ" అన్న అక్షరాన్నే ఇక్కడ "సాన్" అని చదువుతారట. పడమటి దేశాలవాళ్ళు దాన్నే "యామా" అని చదివి ఫ్యూజియామా అన్నారు. మా చిన్నప్పటి భూగోళం పుస్తకంలోనూ అట్లాగే ఉండేది. నలభై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్న నేను, ఒక పిల్ల దగ్గర మొదటి పాఠం నేర్చుకున్నాను.

షింజుకు స్టేషనులో రైలెక్కి, ఓత్సుకి అనేచోట చిన్న రైలులోకి మారి, కవాగుచికో చేరాం. "కో" అంటే సరస్సు. ఫ్యూజీకి ఉత్తరాన, పాదాలను చుట్టి వరసగా అయిదు సరస్సులు ఉన్నాయి: యమనాక, కవాగుచి, సాయి, షోజి, మొతోసు. మేము దిగిన కవాగుచి సముద్రమట్టానికి 830 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే, ఉరమరగా మన తిరుమల అంత ఎత్తున అన్నమాట. చల్లగా, హాయిగా ఉన్నది. కాని కొండ ఏదీ?

కొండ ఉండవలసినచోట తెల్లని మబ్బు తప్ప ఏమీ లేదు. వేసవిలో ఫ్యూజీ తరచు ఇట్లాగే మబ్బు చాటున దాక్కుంటుంది. సముద్రం మీదినుంచి వచ్చే తడిగాలి కొండవాలును తాకి పైకి లేచి, చల్లబడి, మబ్బుగా మారుతుంది. ఆ మబ్బును తయారుచేసేది కొండే, అందులో దాక్కునేదీ కొండే! పొద్దుగూకేవేళ మబ్బు నడిమధ్యన చీలింది. నేను కొండకోసం చెట్లమీదికి చూస్తున్నాను. "అక్కడ కాదు, ఇంకా పైకి చూడు!" అన్నాడు మా తమ్ముడు. తల వెనక్కు వాల్చి చూశాను. నేను ఆకాశం అనుకున్నచోట కొండ ఉన్నది!

ఫ్యూజీ ఎత్తు 3,776 మీటర్లు. జపానులో దీన్ని మించిన కొండ లేదు. హిమాలయాలలో ఇంతకు రెట్టింపు ఎత్తుగలవి ఉన్నాయి గాని, అవి ఒకదాని భుజంమీద ఒకటి చెయ్యి వేసుకుని నిలుస్తాయి. ఫ్యూజీ ఒంటరిది. కళ్ళంలో ధాన్యం గుట్టగా పోస్తే గింజలు జారి జారి నాలుగువైపులా ఒకే వాలున ఆగుతాయి చూడండి, ఈ కొండ కూడా అట్లా పోగైనదే. భూమి లోపలినుంచి కరిగిన రాయి ఒకసారి, బూడిదా గులకలూ మరొకసారి ఎగజిమ్మి, పొరమీద పొరగా పేరుకున్నాయి. ఇప్పుడు మనకు కనిపించే ఫ్యూజీ కింద అంతకన్న పాత అగ్నిపర్వతాలు కప్పబడి ఉన్నాయి. పైనున్న కొత్త ఫ్యూజీ వయస్సు సుమారు పదివేల ఏళ్ళే. కొండల లెక్కలో అది పసిబిడ్డ.

ఈ కొండ ఆఖరుసారిగా పేలినది 1707 డిసెంబరు 16న. అంతకు 49 రోజుల ముందు పెద్ద భూకంపం వచ్చింది. ఆ తరువాత ఆగ్నేయంవైపు పక్క బద్దలై, పదహారు రోజులపాటు బూడిద కక్కింది. టోక్యోను ఆ రోజుల్లో ఎదో అనేవారు. నూరు కిలోమీటర్ల దూరాన ఉన్న ఎదోలో కూడా బూడిద మంచులాగా రాలింది. పట్టపగలు దీపాలు పెట్టుకోవలసి వచ్చిందని అరాయ్ హకుసెకి అనే పండితుడు రాసిపెట్టాడు. ఆనాటినుంచీ కొండ మూడువందల ఏళ్ళకు పైగా ఊరుకున్నది. ఊరుకున్నదే గాని చల్లారిపోలేదు. శాస్త్రజ్ఞులు చుట్టూ పరికరాలు అమర్చి, నేల ఏమాత్రం వణికినా, ఉబ్బినా కనిపెడుతున్నారు. "మళ్ళీ పేలితే మా బడి మీద కూడా బూడిద పడుతుంది," అన్నది రేవతి. వాన వస్తుంది గొడుగు తీసుకో అన్నంత మామూలుగా అన్నది.

నిప్పులు కక్కే కొండను జనం దేవతగా కొలవటంలో వింత లేదు. ఈ దేవత పేరు కొనోహనసకుయ-హిమే. చెట్లను పూయించే రాకుమారి. ఆమె కథ వింటే మీకు మన సీతమ్మ గుర్తుకు వస్తుంది. పెళ్ళయిన కొద్దికాలానికే ఆమె గర్భవతి కాగా, భర్త ఆమెను శంకించాడు. ఆమె తలుపులు లేని గుడిసెలో ప్రవేశించి, దానికి నిప్పు పెట్టుకుని, ఆ మంటల మధ్యనే ముగ్గురు కొడుకులను కన్నది. తల్లికీ బిడ్డలకూ వెంట్రుకైనా కాలలేదు. నిప్పు ఏమీ చెయ్యలేని ఆ తల్లి కొండమీద ఉంటే కొండ శాంతిస్తుందని జనం నమ్మకం. కొండ చుట్టూ ఆమె గుళ్ళు ఎన్నో ఉన్నాయి. ఎనిమిదో మజిలీ నుంచి శిఖరందాకా కొండ భూమి దాదాపు అంతా ఆమె పెద్ద గుడిదే.

చిత్రమేమిటంటే, కొండమీది దేవత ఆడది కాని, ఆడవాళ్ళను మాత్రం 1872 వరకూ శిఖరానికి పోనివ్వలేదు. 1832లో తకయామ తత్సు అనే ఆమె మగవేషం వేసుకుని ఎక్కి వచ్చింది. ఈ సంగతి చెప్పగానే రేవతి, "నాకు వేషం అక్కర్లేదుగా!" అన్నది.

మర్నాడు బస్సులో అయిదో మజిలీకి వెళ్ళాం. కొండ పాదంనుంచి శిఖరందాకా దారిని పది మజిలీలుగా లెక్కపెడతారు. అయిదోదానివరకు బస్సు పోతుంది. ఆ చోటు ఎత్తు 2,305 మీటర్లు. ఎక్కే రోజులు జులై మొదలు సెప్టెంబరు నడిమివరకే. తక్కిన కాలమంతా మంచూ, భయంకరమైన గాలీను. జనం మరీ ఎక్కువైపోవటంచేత 2025లో నాలుగు దారుల్లోనూ మనిషికి 4,000 యెన్ల రుసుము పెట్టారు. పైన సత్రంలో పడక ఖాయం చేసుకోనివాళ్ళను మధ్యాహ్నం తరువాత గేటు దాటనివ్వరు. రాత్రంతా నిద్ర లేకుండా ఎక్కి జబ్బు పడుతున్నారని ఈ కట్టుబాటు.

అక్కడ రేవతి ఒక కర్ర కొన్నది. నునుపుగా చెక్కిన తెల్లకర్ర, దానికి చిన్న గంట. దాన్ని "కొంగో-జుఎ" అంటారు. "కొంగో" అంటే వజ్రం. మన వజ్రమే బౌద్ధమతం వెంట అంతదూరం ప్రయాణం చేసింది. దారిలో ప్రతి సత్రంవద్దా ఎర్రగా కాల్చిన ఇనుప ముద్రతో కర్రమీద వాత పెడతారు. ఒక్కో ముద్రకు కొంత డబ్బు తీసుకుంటారు. శిఖరం చేరేసరికి కర్ర నిండుతుంది. ఆ కర్ర నింపుకోవటమే రేవతి పట్టుదల.

చెట్లు అక్కడితో సరి. పైన ఎర్రని, నల్లని రాయీ, కాలికింద కరకరమనే బొగ్గుపొడి వంటి గులకా తప్ప పచ్చదనం లేదు. గులక చేతిలోకి తీసుకుంటే తేలిక, నిండా చిల్లులు. కరిగిన రాతిలోనుంచి ఆవిరి బయటికి పోగా మిగిలిన బొక్కలవి. మా రాజమండ్రికి గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం దగ్గర నల్లరాయి కొట్టి రోడ్లకు తోలుతారు. అదీ ఒకప్పుడు కరిగి పారిన రాయే. అది పారి ఆరున్నర కోట్ల ఏళ్ళు దాటింది, ఇది పారి నిన్నగాక మొన్న! తేడా అంతే. బడిపంతులును కాబట్టి రెండు ముక్కలు జేబులో వేసుకుందామనుకున్నాను. కాని ఈ కొండమీద రాయి తీయకూడదని బోర్డు ఉన్నదని రేవతి చదివి చెప్పింది. తిరిగి పెట్టేశాను.

తెల్లబట్టలు కట్టిన ముసలివాళ్ళ గుంపు ఒకటి మాకు ముందు నడుస్తున్నది. వాళ్ళు "రొక్కొన్ షోజో" అని ఒకే గొంతుతో అంటూ అడుగు వేస్తున్నారు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు ఈ ఆరూ శుభ్రపడాలని దాని అర్థం. అలిపిరి మెట్లమీద "గోవిందా" అనటం మాకు గుర్తుకొచ్చింది. మూడో నాలుగో మలుపు తిరిగేసరికి మా తమ్ముడు కూడా తనకు తెలియకుండానే "గోవిందా" అంటున్నాడు.

ఏడో మజిలీలో ఆకలివేసి సంచీ విప్పితే ఒక తమాషా జరిగింది. నేను రాజమండ్రినుంచి తెచ్చిన చేగోడీల పొట్లం, గాలి చొరకుండా మూతి అతికించినది, తలగడలాగా ఉబ్బి ఉన్నది! "ఎవరు ఊదారు?" అన్నది రేవతి. ఎవరూ ఊదలేదు. కొండ ఎక్కినకొద్దీ మన మీద ఉండే గాలి బరువు తగ్గుతుంది. బయటి గాలి నొక్కటం తగ్గేసరికి పొట్లంలోని గాలి వ్యాపించింది. మూడువేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో పదింట ఏడు వంతులే. శిఖరంమీద నీళ్ళు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. అక్కడ మామూలు గిన్నెలో పప్పు ఉడకటం కష్టం.

పొట్లానికి తమాషా అయినది మనిషికి తమాషా కాదు. గాలి పలచబడితే ప్రతి ఊపిరిలోనూ ప్రాణవాయువు తగ్గుతుంది. ఎనిమిదో మజిలీ సత్రం చేరేసరికి చీకటి పడింది. ఎత్తు సుమారు 3,100 మీటర్లు. కూరా అన్నం పెట్టారు. రేవతి రెండు ముద్దలు తిని పళ్ళెం నెట్టేసింది. అరగంటలో వాంతి చేసుకున్నది. నుదురు పట్టుకుని, "ఏడో మజిలీ నుంచే నొప్పి. చెబితే దింపేస్తారని చెప్పలేదు," అని ఏడ్చింది.

సత్రం పెద్దాయన వచ్చి చూశాడు. దాన్ని పడుకోనివ్వకుండా కూర్చోబెట్టి, మెల్లిగా, నిండుగా ఊపిరి తీసి వదలమన్నాడు. కొద్ది కొద్దిగా నీళ్ళు తాగించాడు. తరువాత మా తమ్ముడితో చెప్పిన మాటలు వాడు నాకు తెలుగులో చెప్పాడు: "ఇంకొక్క అడుగు కూడా పైకి వద్దు. తగ్గితే తెల్లవారి దిగండి. తగ్గకపోతే ఈ చీకట్లోనే దింపెయ్యండి. దిగటమే మందు."

మేము గడియారం చూస్తూ కూర్చున్నాం. పదకొండు గంటలకు దాని మొహంలో కాస్త రంగు వచ్చింది. తల నొప్పి తగ్గింది గాని పూర్తిగా పోలేదు.

"అన్నయ్యా, మళ్ళీ మళ్ళీ వస్తావా? నువ్వు వెళ్ళిరా. నేను దీని దగ్గర ఉంటాను," అన్నాడు తమ్ముడు.

నాకు మనసొప్పలేదు. కాని రేవతే, "వెళ్ళు పెదనాన్నా, పైన ఎట్లా ఉందో నాకు చెప్పాలి," అన్నది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. "పోనీ, నీ కర్ర ఇలా ఇవ్వు. మిగిలిన ముద్రలు నేను వేయించుకొస్తాను," అన్నాను. అది చాలాసేపు కర్రకేసి చూసింది. తరువాత దాన్ని కంబళి కిందికి లాక్కున్నది.

"వద్దు. అక్కడిదాకా నేను ఎక్కలేదుగా!"

ఒంటిగంటకు ఒక్కణ్ణే బయలుదేరాను. ముందూ వెనుకా నుదుట దీపాలు కట్టుకున్న జనం; కొండవాలున దీపాల దండ వేసినట్టున్నది. పది అడుగులు వేసి ఆగటం, మళ్ళీ పది అడుగులు. నాలుగున్నరకు శిఖరం ముట్టాను. చేతులు కొంకర్లు పోతున్నవి. జులై నెలలో! నూరు మీటర్లకు ఇంచుమించు 0.6 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కనుక, సముద్రతీరానికీ ఇక్కడికీ 22 డిగ్రీల తేడా. కాసేపటికి కిందనున్న మబ్బుల అంచు ఎర్రబడింది. సూర్యుడు మన పైనుంచి కాదు, మన కిందినుంచి లేచి వచ్చినట్టున్నాడు. చుట్టూ ఎవరూ మాట్లాడలేదు.

శిఖరంమీద పెద్ద గొయ్యి. లోతు సుమారు 200 మీటర్లు. దాని అంచున ఎనిమిది కొమ్ములు. బౌద్ధులు దీన్ని ఎనిమిది రేకుల పద్మంగా భావించారు. అన్నిటికన్న ఎత్తైన కొమ్మున వాతావరణ పరిశోధకులు పూర్వం ఏడాది పొడుగునా కాపురం ఉండేవారు. తుఫానులను దూరాన్నుంచే పసికట్టటానికి 1964లో ఇక్కడ రాడారు పెట్టారు. ఆకాశంలో ఉపగ్రహాలు వచ్చాక 1999లో దాన్ని ఆపేశారు. 2004 తరువాత మనుషులు కూడా ఏడాది పొడుగునా ఉండటం లేదు. గోతిలో పొగ లేదు, వేడి లేదు. ఒక మూల మురికి మంచు ఉన్నది. ఇవన్నీ రేవతికి చెప్పటానికి లెక్క రాసుకున్నాను.

దిగటం ఎక్కటం కన్న కష్టం. గులకలో మడమ దిగబడి జారుతుంది. పదకొండు గంటలకు అయిదో మజిలీ చేరేసరికి రేవతి బెంచీమీద కూర్చుని నూడుల్సు తింటున్నది! తలనొప్పి దిగుతుండగానే పోయిందట.

మరి రెండు రోజులు సరస్సులు చూశాం. అయిదింటిలోనూ యమనాక పెద్దది, ఎత్తున ఉన్నది. నది సహజంగా బయటికి పారేది దానికి ఒక్కదానికే. షోజి చిన్నది. మొతోసు అన్నిటికన్న లోతు, 120 మీటర్ల పైచిలుకు. నీరు నీలిసిరాలాగా ఉంటుంది. 2004లో వెలువడిన వెయ్యి యెన్ల నోటు వెనుక ఉన్న బొమ్మ ఈ ఒడ్డునుంచి కనబడే ఫ్యూజీదే. రేవతి నోటు పట్టుకుని కొండతో సరిచూసింది. కొండమీద మబ్బున్నది, నోటుమీద లేదు.

ఇక్కడొక వింత ఉన్నది. సాయి, షోజి, మొతోసు ఈ మూడు సరస్సుల నీటిమట్టమూ ఒకటే, 900 మీటర్లు. ఒకటి పెరిగితే మిగిలినవీ పెరుగుతాయి. ఎందుచేత? పూర్వం సాయి, షోజి ఒకటే సరస్సు, పేరు సెనోఉమి. 864లో ఫ్యూజీ పక్కనుంచి నిప్పుటేరు పారి ఆ సరస్సులో పడి, చాలామట్టుకు పూడ్చివేసింది. మిగిలిన రెండు కొసలే ఇవి. మధ్య అడ్డుపడిన రాయి బొక్కల రాయి కాబట్టి నీరు అడుగున రాకపోకలు సాగిస్తూనే ఉన్నదంటారు. ఆ రాతిమీద పన్నెండు వందల ఏళ్ళలో దట్టమైన అడవి పెరిగింది. వేళ్ళు రాతిలోకి దిగలేక నేలమీదే పాముల్లా పాకుతాయి. అక్కడ దిక్సూచి పనిచేయదని కథలు చెబుతారు. రేవతి తన దిక్సూచిని రాతికి ఆనించింది. ముల్లు కొంచెం ఊగింది, రాతిలో ఇనుము ఉన్నది కనుక. చేత్తో పైకి ఎత్తి పట్టుకుంటే బుద్ధిగా ఉత్తరం చూపింది.

నాకు అన్నిటికన్న నచ్చినది సాయి సరస్సు. అందులో ఒక నల్ల చేప ఉన్నది. దాని పేరు కూనిమాసు. అది ఈ సరస్సుది కాదు. ఉత్తరాన అకితా ప్రాంతంలో తజావా సరస్సు ఉన్నది. ప్రపంచం మొత్తంమీద కూనిమాసు అందులోనే ఉండేది. 1940లో కరెంటుకోసమూ, సేద్యంకోసమూ ఒక నది నీటిని ఆ సరస్సులోకి మళ్ళించారు. ఆ నదిలో వేడినీటి ఊటల ఆమ్లం కలిసి ఉన్నది. చేపలు చచ్చిపోయాయి. కూనిమాసు అంతరించిందని పుస్తకాలలో రాసేశారు.

డెబ్బై ఏళ్ళు గడిచాయి. 2010లో క్యోటో విశ్వవిద్యాలయం ఆచార్యుడు నకాబో, ఆ పోయిన చేపకు బొమ్మ గీయమని సకానా-కున్ అనే చిత్రకారుణ్ణి అడిగాడు. ఆ పేరుకు "చేపబ్బాయి" అని అర్థం. తలమీద చేప టోపీ పెట్టుకుని టీవీలో పిల్లలకు చేపల సంగతులు చెబుతాడు. బొమ్మకు నమూనాగా ఉంటుందని అతను సాయి సరస్సునుంచి దాని చుట్టపు చేపలను తెప్పించాడు. వాటిలో కొన్ని నల్లగా ఉన్నాయి. అనుమానం వచ్చి ఆచార్యుడికి చూపించాడు. పరీక్ష చేస్తే అవి కూనిమాసులే! సంగతేమిటంటే, 1935లో ఎవరో తజావానుంచి లక్ష గుడ్లు తెచ్చి ఇక్కడ వదిలారు. అవి పిల్లలై, వాటికి పిల్లలై, సుఖంగా బతుకుతున్నాయి. ఇక్కడి బెస్తవాళ్ళు వాటిని నల్లచేపలంటూ మామూలుగా పట్టుకుంటూనే ఉన్నారు!

ఒడ్డున ఒక చిన్న ప్రదర్శనశాలలో కూనిమాసులను గాజుతొట్టిలో ఉంచారు. చూడటానికి అందమైన చేపేమీ కాదు. రేవతి మాత్రం తొట్టికి ముక్కు ఆనించి అరగంట నిలబడింది. బస్సుకు వేళ అవుతున్నదని మా తమ్ముడు రెండుసార్లు పిలిచాడు.

ఆ సాయంత్రం కవాగుచి ఒడ్డున గాలి పడిపోయింది. మబ్బు పూర్తిగా విడి, కొండ నీళ్ళలో తలకిందులుగా కనబడింది. రేవతి కర్ర ఎత్తి, ఎనిమిదో మజిలీ ఎక్కడ ఉంటుందో చూపించమన్నది. చూపించాను. అక్కడినుంచి శిఖరందాకా ఎంత ఉన్నదో ఒక కన్ను మూసి కర్రమీద కొలిచింది.

ఇప్పుడా కర్ర నిషికసాయిలో వాళ్ళ తలుపు మూల నిలబెట్టి ఉన్నది. కిందినుంచి నల్లని ముద్రలు వరసగా ఉన్నాయి. పైన జానెడు మేర తెల్లగా ఉన్నది. వచ్చే జులైకి పన్నెండేళ్ళు నిండుతాయనీ, ఈసారి ఏడో మజిలీలో ఒక రాత్రి ఆగి మరీ ఎక్కాలనీ మొన్న నాకు ఫోనులో చెప్పింది. చేగోడీలు మళ్ళీ తెమ్మన్నది.